డెబ్బై రెండు కళ్లు

మెదక్ రాందాస్ చౌరస్తా నుంచి కోట వైపు పోయే దారిలో తొంభైల్లో ఏ బోర్డు చూసినా ఒకటే చెయ్యి కనబడేది. అక్షరాలకు తల కొంచెం పెద్దది, పొట్ట నిండుగా ఉండేది, కుడివైపు కిందికి పడే నీడ మాత్రం దారంత సన్నగా ఉండేది. ఊళ్లో వాళ్లంతా దాన్ని పరమేశ్ చెయ్యి అనేవాళ్లు. అది పరమేశ్ చెయ్యి కాదు. పరమేశ్ నిచ్చెనెక్కి, సుద్దతో గీతలు కొట్టి, పెద్ద అక్షరాలకు రంగు నింపి దిగేవాడు. ఆ నీడలూ, సన్న గీతలూ, అడుగున చీమల బారులా ఉండే చిరునామా అన్నీ అతని భార్య యాదలక్ష్మి వేసేది. మెచ్చుకునేవాళ్లు నిచ్చెన మీది మనిషిని చూస్తారు గానీ కింద పీట మీద కూర్చున్న మనిషిని ఎందుకు చూస్తారు? చూడలేదు. ఇరవయ్యేళ్లపాటు చూడలేదు.

యాదలక్ష్మిది అల్లాదుర్గ్. తండ్రి గాలయ్య చుట్టుపక్కల ఊళ్లకు మట్టితో అమ్మవార్లను చేసి ఇచ్చేవాడు. బొమ్మను ఇంటి దగ్గరే చేసేవాడు, రంగులూ ఇంటి దగ్గరే వేసేవాడు, కళ్లు మాత్రం వేసేవాడు కాదు. కళ్లు ఆ ఊరికి చేరాక, గద్దె మీద కూర్చోబెట్టాక, చేయించుకున్నవాళ్ల ముందరే వేయాలి. దాన్ని కళ్లు తెరవడం అనేవాళ్లు. తెరిచిన కంటి తొలిచూపు మనిషి మీద పడకూడదు. అందుకని ముందర అద్దం పట్టేవాళ్లు. అమ్మవారు మొదట తనను తాను చూసుకున్నాకే జనాన్ని చూసేది. ఆ అద్దం పట్టే పని యాదలక్ష్మిది.

“కళ్లు లేని బొమ్మ బండి మీద ఎన్ని కుదుపులైనా ఓర్సుకుంటది బిడ్డా. కళ్లు తెరిసినంక ఒకరి సంకల ఊరేగమంటే ఊరేగదు” అనేవాడు గాలయ్య. ఆయన చెప్పింది ఆమెకు అన్నం తినడమంత మామూలుగా అబ్బింది. ఆడపిల్ల కుంచె పట్టి కళ్లు తెరవడం మాత్రం ఆ ఇంట్లో లేదు. ఒకసారి అడిగితే తల్లి ఆగమ్మ వీపు మీద ఒకటి చరిచి, పోయి పొయ్యి ఊదమంది.

తొంభైలో పెళ్లయి మెదక్ వచ్చింది. వచ్చిన మరుసటేడే దేశం తలుపులు తెరిచిందని పేపర్లలో రాశారు. మెదక్‌లో ఆ తలుపులన్నిటికీ బోర్డులు కావలసి వచ్చాయి. ఎస్టీడీ బూత్‌లు, జిరాక్సు సెంటర్లు, కేబుల్ టీవీ ఆఫీసులు, బ్యూటీ పార్లర్లు, నెల తిరగకముందే మూతపడే ఫైనాన్సులు, వాటి పక్కనే పుట్టే ఇంకో ఫైనాన్సు. పరమేశ్‌కు నిచ్చెన దిగే తీరిక లేదు, యాదలక్ష్మికి పీట వదిలే తీరిక లేదు. లారీల వెనక అక్షరాలు ఇనుములా మెరవాలంటే నల్ల గీత పక్కనే తెల్ల గీత ఎక్కడ పడాలో ఆమెకు తెలిసినట్టు జిల్లాలో ఇంకొకరికి తెలియదు. లారీలవాళ్లు మనోహరాబాద్ అవతలి నుంచి కూడా వచ్చి, పరమేశ్ భుజం తట్టి పోయేవాళ్లు.

తర్వాత ఫ్లెక్సు వచ్చింది. ఆర్నెల్ల ఎండకే వెలిసిపోయే ఆ గుడ్డను చూసి జనం ఎందుకంత మురిసిపోయారో జనానికే తెలియాలి. పుట్టినరోజుకు ఫ్లెక్సు, చావుకు ఫ్లెక్సు, పార్టీ మారితే ఫ్లెక్సు, తిరిగొస్తే ఇంకో ఫ్లెక్సు. పరమేశ్ నిచ్చెన గోడకు ఆనించినవాడు ఆనించినట్టే ఉండిపోయాడు. మనిషి మంచివాడే, మొండివాడు కాదు, అదే అతని లోపం. దెబ్బ తగిలితే కూర్చుండిపోతాడు. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక బండ్ల నంబరు పలకల మీద ఏపీ గీకించి టీజీ రాయించుకునే సందడి మొదలై దుకాణానికి కాస్త ఊపిరి వచ్చింది. ఆ పలకల పని మొత్తం యాదలక్ష్మిదే.

రెండు వేల పదకొండులో, వినాయక చవితి ముందు, పరమేశ్ తమ్ముడు రఘుపతి వచ్చి కూర్చున్నాడు.

“అన్నా, ఈ కుంచెలు పట్టుకొని ఎన్ని దినాలు ఏడుస్తవు? దుకాణం నాకియ్యి. దీపావళి లోపు ఫ్లెక్సు మిషన్ దించుత. నువ్వు నా తోటే ఉండు. వదినె కౌంటర్ల కూసుంటది, ఫ్యాను కింద హాయిగ” అన్నాడు.

పరమేశ్ తలూపాడు. యాదలక్ష్మి చేతిలోని కుంచెతో నంబరు పలక మీద గీత పూర్తి చేసింది. ఆ రోజు అన్నం మాత్రం తినలేదు. కౌంటర్‌లో కూర్చోవడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. కుంచె పట్టకపోతే తాను ఎవరో తనకే తెలియదనీ తెలుసు.

ఆ వారంలోనే రచన వచ్చింది. రచన తండ్రి ప్రభాకర్‌కు రేగోడ్ దగ్గర పొలాలు, మెదక్‌లో రైసు మిల్లు. పిల్ల హైదరాబాద్‌లో చదివి, ఉద్యోగం వదిలేసి, ముగ్గురు స్నేహితులతో కలిసి ఏదో ఆట తయారు చేస్తోందని తల్లి సువర్ణ కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుని బాధపడేది. ఆ రచన తండ్రి కారు నంబరు పలక చూసి, అక్షరాల కింది నీడ చూసి, ఇది వేసినవాళ్లెవరని వెతుక్కుంటూ వచ్చింది.

“ఈ నీడ ఎవరేసిన్రు?” అని గుమ్మంలోనే అడిగింది.

ఇరవయ్యేళ్లలో ఎవరైనా నీడ గురించి అడగడం అదే మొదలు. యాదలక్ష్మి లేచి నిలబడింది.

రచన సంచిలోంచి ఒక డబ్బా తీసి బల్ల మీద గుమ్మరించింది. బొటనవేలంత పొడుగున్న సీసపు రౌతులు, ఇరవై నలుగురు. ఒంటినిండా ఇనుప కవచాలు, చేతిలో బల్లేలు, కింద గుర్రాలు. పన్నెండు మంది ముఖాల మీద శిరస్త్రాణం మూసి ఉంది, పన్నెండు మంది ఎత్తి పెట్టుకున్నారు.

“ఇది బల్ల మీద ఆడే యుద్ధం అక్కా. ఇద్దరు ఆడతరు, ఇద్దరికి రెండు సైన్యాలు. పాచికలు ఏసుడు, టేపుతోని కొలిచి బొమ్మల్ని జరుపుడు. మా లోకంల రాక్షసులున్నరు, ఎముకల సైన్యమున్నది. మనుషుల రాజ్యాలు నాలుగు. ఉప్పుతీరమోళ్లు ఓడలోళ్లు. కంచుగడ్డల అందరు కాలిబంట్లే. నెమలిదుర్గపోళ్లకు పట్టుబట్టల డాబెక్కువ. వీళ్లు ఏడుకోనలోళ్లు, గుర్రాల మీది వీరులు.”

దసరా తర్వాతి ఆదివారం హైదరాబాద్‌లో ఇలాంటి ఆటలవాళ్లంతా కలుస్తారట. బెంగళూరు నుంచి, చెన్నై నుంచి కూడా వస్తారట. అక్కడ అన్నిటికంటే అందంగా రంగులు వేసిన సైన్యానికి మొదటి బహుమతి ఉంది. ఆ బహుమతి వస్తే తమ ఆట నిలబడుతుందనీ, అప్పుడు నాలుగు రాజ్యాల బొమ్మలకూ రంగులు వేసే పని మెదక్‌కే వస్తుందనీ రచన చెప్పింది. రాకపోతే ఆ స్నేహితులు నలుగురూ మళ్లీ ఉద్యోగాలు వెతుక్కుంటారు.

రచన పోయాక యాదలక్ష్మి మొగుడి ముందుకొచ్చి నిలబడింది.

“ఇగో, నా మాట జర ఇను. ఆ ఆదివారం దాక రఘుపతికి మాట ఇయ్యకు. గెలిస్తే దుకాణం నాకుండాలె.”

“ఓడితే?”

“ఓడితే కౌంటర్ల కూసుంట. మళ్లెన్నడు కుంచె మాటెత్త.”

పరమేశ్ ఆమె ముఖంలోకి చూసి సరేనన్నాడు. పెళ్లయినప్పటి నుంచి ఆమె గట్టిగా అడిగింది అదొక్కటే.

రెండు వారాలకు సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు లేవు, బడులు లేవు, కరెంటు వచ్చినప్పుడే వచ్చినట్టు. యాదలక్ష్మి తెల్లారగానే గుమ్మంలో పీట వేసుకుని పొద్దు వాలేదాకా కూర్చునేది. కవచాలకు లారీ అక్షరాల కిటుకే పనికొచ్చింది, నల్ల గీత పక్కన తెల్ల గీత. డాళ్ల మీది ఎరుపూ నీలమూ ఎలా కలిసి ఉండాలో తేలక రెండు రోజులు తల పట్టుకుంటే, పక్కింటి ఎలిశిబా చర్చికి తీసుకుపోయి ఎండ పడుతున్న రంగుటద్దాల ముందు కూర్చోబెట్టింది. గంటసేపు కూర్చుని వచ్చి డాళ్లన్నీ చెరిపి మళ్లీ వేసింది.

రచన హైదరాబాద్‌లో చిక్కుకుపోయింది కాబట్టి మాటలన్నీ ఫోన్లోనే. ఏడుకోనల వీరుల సంగతులు ఆమె చెబుతుంటే యాదలక్ష్మి ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని రంగులు వేసేది. అక్కడ కొత్త వీరుడికి డాలు మీద గుర్తు ఉండదట, మొదటి యుద్ధంలో సత్తా చూపాకే గుర్తు. గుర్రం దిగినవాడిని గుర్రం మీదివాడు కొట్టకూడదట. మాట తప్పినవాడి డాలును తలకిందులుగా కట్టి ఊరంతా తిప్పుతారట.

“మస్తున్నది గదా! మనకాడ గట్ల కడితే ఒక్క లీడరు డాలన్న సీద ఉంటదా?” అని యాదలక్ష్మి నవ్వింది. ఆ పూట ఇద్దరు కొత్త వీరులకు డాళ్లు ఉత్తివిగా వదిలేసింది.

ముఖాల దగ్గర పేచీ వచ్చింది. నమూనాకు రచన ఏదో విదేశీ పత్రికలోని బొమ్మ ఇచ్చిపోయింది, అందులో వీరులందరూ గులాబీ రంగులో ఉన్నారు.

“రచనమ్మా, వీళ్లు ఎండల తిరుగుతరా, నీడపట్టున ఉంటరా?”

“కొండల్ల, గుర్రాల మీద, పొద్దంత ఎండలనే అక్కా.”

“మరి ఈ రంగేంది? మనుషుల రాజ్యమని నువ్వే అంటివి. మనుషులు మనోళ్ల లెక్క ఉండరా?”

రచన నవ్వుతూ, నీ ఇష్టం అక్కా అంది. ఇంకేముంది! చామనఛాయ ముఖాలు వచ్చాయి, నల్లని ముఖాలు వచ్చాయి, ఎండకు కమిలిన ముక్కులు వచ్చాయి. బస్టాండు కంట్రోలర్ మీసం ఒక దండనాయకుడికి ఎక్కింది. ఒకరోజు ఎలిశిబా టీ తెచ్చి, బొమ్మల మీదికి వంగి, “ఓయమ్మో, గీయన మా గాబ్రియేలు గదా! గడ్డం గుడ గట్లనే ఉన్నది!” అని కేకేసింది. సైకిళ్ల దుకాణం నడిపే ఆమె పెనిమిటి గాబ్రియేలు వచ్చి చూసుకుని, తనకిచ్చిన గుర్రం మిగతావాటికంటే చిన్నగా ఉందని అలిగాడు.

దసరా నాటికి పని పూర్తయింది. ఇరవై నలుగురు వీరులూ గాజుల పెట్టెల్లో దూది పరుపుల మీద పడుకున్నారు. కళ్లు తప్ప అన్నీ అయ్యాయి. కళ్లెలా వేస్తుంది? పోవలసిన చోటికి ఇంకా పోలేదు కదా. ఆ సంగతి ఆమె రచనకు చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? అల్లాదుర్గ్‌లో ఏ పిల్లనడిగినా చెబుతుంది. ఫోన్లో రచన, “అంత అయిపోయింది గదా అక్కా?” అని అడిగితే, “అయిపోయింది, ఇగ వచ్చుడే” అంది. అబద్ధం కాదు. ఆమె లెక్కలో బొమ్మ అయిపోవడమంటే అదే.

ఆదివారం పొద్దున ఆరింటికే పరమేశ్ బండి తీశాడు. వెనక యాదలక్ష్మి, ఆమె ఒళ్లో నాలుగు గాజుల పెట్టెలు, భుజాన రంగుల సంచి. పది గంటలకల్లా పోయి తీరిగ్గా కళ్లు తెరవాలని ఆమె అనుకుంది. నర్సాపూర్ దగ్గర రోడ్డు మీద మూడు రాళ్ల పొయ్యిలు, పెద్ద పెద్ద గిన్నెలు, అడ్డంగా కూర్చున్న జనం కనబడ్డారు. ఉద్యమకారుల వంటావార్పు. పోయే బండి లేదు, వచ్చే బండి లేదు.

అమరేందర్ అనే లెక్చరర్ అక్కడివాళ్లకు పెద్ద. మెడలో గులాబీ కండువా, చేతిలో గరిటె.

“బంద్‌ల ఏడికి పోతున్నరే? ఆ పెట్టెలేంది?”

రెండు గంటలు బతిమాలినా దారి దొరకలేదు. చివరికి యాదలక్ష్మి ఒక పెట్టె మూత తీసింది. అమరేందర్ వంగి చూశాడు. గరిటె పక్కవాడికిచ్చి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

“వీళ్లెవరమ్మా?”

“ఏడుకోనలోళ్లు సార్. గుర్రాల వీరులు.”

“ఎవరితోని లడాయి?”

“రాక్షసులతోని. వాళ్ల రాజ్యం వాళ్లకు గావాలంట.”

రోడ్డంతా ఘొల్లున నవ్వింది. అమరేందర్ నవ్వలేదు, చేతులు జోడించాడు. “పోండ్రి. గెలిచి రాండ్రి. జర ఒక్క బుక్క తినిపోండ్రి, మా ఇజ్జత్ తియ్యద్దు” అన్నాడు. తినకుండా కదలనిస్తే కదా! పులిహోర చేతిలో పట్టుకుని నిలబడే మింగి, మళ్లీ బండెక్కేసరికి తొమ్మిదిన్నర దాటింది.

హైదరాబాద్‌లో ఆ ఫంక్షన్ హాలుకు చేరేటప్పటికి పదకొండుంబావు. లోపల ఇరవై బల్లలు, వాటి మీద అట్టలతో కట్టిన కోటలు, పచ్చగడ్డి పరిచిన మైదానాలు, చుట్టూ వంద మంది. గుమ్మంలోనే కాచుకుని ఉన్న రచన పరుగెత్తుకొచ్చి పెట్టె తీసుకుంది. మూత ఎత్తింది. ముఖం వెలిగిపోయింది. ఆ వెంటనే తెల్లబోయింది.

“అక్కా... కళ్లేవి?”

“ఇప్పుడు తెరుద్దామని.”

“ఇప్పుడా?”

“మరి? నువ్వు ముందల లేకుంట ఇంటికాడ తెరుస్తరా ఎవరన్న?”

పోటీ నడిపిస్తున్న హర్షిత్ అనే కుర్రాడు వచ్చి చూశాడు. కటువైనవాడు కాదు, కానీ నియమం నియమమే. పన్నెండు గంటలకు బల్ల మీద పెట్టినప్పుడు ప్రతి బొమ్మా పూర్తయి ఉండాలి, ఒక్కటి తక్కువైనా సైన్యం పోటీలో లేనట్టే అన్నాడు. పక్క బల్ల దగ్గరున్న ఇద్దరు చెన్నై కుర్రాళ్లు జాలిగా చూశారు. ఆ జాలి చూస్తే యాదలక్ష్మికి ఒళ్లు మండింది.

ఆమె లెక్కపెట్టింది. గుర్రాలు ఇరవై నాలుగు, నలభై ఎనిమిది కళ్లు. ముఖం కనబడే వీరులు పన్నెండుగురు, ఇంకో ఇరవై నాలుగు. మొత్తం డెబ్బై రెండు. టైం నలభై రెండు నిమిషాలు.

“అద్దం గావాలె” అంది.

“అద్దమెందుకు అక్కా! టైం లేదు, గబగబ చుక్కలు పెట్టేద్దాం, నేను గూడ పెడ్త” అని రచన ఏడుపు గొంతుతో అంది.

“చుక్కలు పెడితే కళ్లు గావు. తొలిచూపు మనుషుల మీద పడద్దు. అద్దం లేకుంటే నేను కుంచె ముట్ట.”

ఇది మొండితనమే. ఓడితే బతుకంతా కౌంటర్‌లో కూర్చోవాలని తెలిసి చేసిన మొండితనం. పరమేశ్ అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆమె వైపు ఒకసారి చూసి బయటికి నడిచాడు. అయిపోయింది, ఈయన మళ్లీ కూర్చుండిపోయాడు అనుకుంది ఆమె. మూడు నిమిషాల్లో తిరిగొచ్చాడు. చేతిలో బండి అద్దం, ఊడబీకిన స్క్రూ పంటి కింద. బల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, చొక్కాతో అద్దం తుడిచి, ఆమె చేతి ఎత్తుకు సరిగ్గా పట్టుకున్నాడు.

“కానీ” అన్నాడు.

ఆమె సన్నని కుంచె నోట్లో తడిపి కొస చేసుకుంది. మొదటి గుర్రం అందుకుంది. జీవితంలో ఎన్నో కళ్లు తెరుస్తుంటే చూసిందే కానీ ఒక్కటీ తెరవలేదు. వేసిన గీత పక్కకు పోయింది. దూదితో తుడిచింది. ఊపిరి బిగబట్టి మళ్లీ వేసింది. నల్ల గీత, దానికి అటొక తెల్ల చుక్క, ఇటొక తెల్ల చుక్క. గుర్రం అద్దంలోకి చూసింది.

ఆ తర్వాత చెయ్యి ఆగలేదు. ఇరవయ్యేళ్ల బోర్డుల అడుగున చీమల బారుల్లాంటి అక్షరాలు రాసిన చెయ్యి అది. గీత, చుక్క, చుక్క, అద్దం. గీత, చుక్క, చుక్క, అద్దం. రచన పెట్టెలోంచి ఒక్కొక్కటి తీసి అందిస్తోంది, పరమేశ్ అద్దం పడుతున్నాడు, చూసుకున్న బొమ్మను రచన తీసి బల్ల మీద నిలబెడుతోంది. పక్క బల్లలవాళ్లు వచ్చి నిలబడ్డారు. వాళ్ల వెనక ఇంకొందరు. మొదట గుసగుసలు వినబడ్డాయి, తర్వాత అవీ ఆగిపోయాయి. కన్ను పడగానే సీసపు ముక్క ఒక మనిషైపోతుంటే ఎవరికైనా మాటెలా వస్తుంది? కంట్రోలర్ మీసం దండనాయకుడు కళ్లెర్రజేసి చూశాడు. గాబ్రియేలు తన చిన్న గుర్రం మీంచి అలిగినట్టే చూశాడు. ఉత్తి డాళ్ల కొత్త వీరులిద్దరూ మొదటిసారి ఊరు దాటినవాళ్లలా బెదురు బెదురుగా చూశారు.

డెబ్బై రెండో కన్ను తెరిచి ఆమె కుంచె కింద పెట్టేసరికి గోడ గడియారంలో ఇంకా రెండు నిమిషాలు మిగిలి ఉన్నాయి. ముందు చప్పట్లు కొట్టింది ఆ చెన్నై కుర్రాళ్లే. తర్వాత హాలంతా కొట్టింది. యాదలక్ష్మి కొంగుతో ముఖం తుడుచుకుని, ఎక్కడ చూడాలో తెలియక రంగు డబ్బాల మూతలు బిగించడం మొదలుపెట్టింది.

ఏడుకోనల వీరులు ఆ రోజు రెండు యుద్ధాలు గెలిచి, మూడోదాంట్లో ఎముకల సైన్యం చేతిలో చిత్తుగా ఓడిపోయారు. రచన పాచికలు అంత దిక్కుమాలినవి. కానీ సాయంత్రం నాలుగింటికి, ఆడినవాళ్లంతా ఓట్లు వేశాక, హర్షిత్ మైకు పట్టుకుని మొదటి బహుమతి చదివాడు.

“ఏడుకోనల సైన్యం! రంగులు వేసినవారు పరమేశ్ ఆర్ట్స్, మెదక్!”

రచన ఫారంలో దుకాణం పేరే రాసింది, ఆమె తప్పేం లేదు. హాలు మళ్లీ హోరెత్తింది. నలుగురు పరమేశ్‌ను ముందుకు తోశారు, ఒకరు భుజం తట్టారు. యాదలక్ష్మి అలవాటు కొద్దీ ఒక అడుగు వెనక్కి వేసింది. గెలిచింది, అది చాలు అనుకుంది. కానీ చాలలేదు, ఆ సంగతి ఆమెకే తెలుసు.

పరమేశ్ మైకు దగ్గరికి పోయాడు. మైకు అతనికి కొత్త. దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

“పరమేశ్ నేనే. నేను అద్దం పట్టిన” అన్నాడు. జనం నవ్వారు. అతను నవ్వలేదు. “ఈ బొమ్మలన్ని ఆమె ఏసింది. బొమ్మలే గాదు, మా మెదక్‌ల నా పేరు మీద ఉన్న పనంత ఆమె చెయ్యే. ఇరువై ఏండ్ల సంది నన్ను మెచ్చుకుంటుంటే నేను ఊకున్న. గది తప్పు. ఆమె పేరు యాదలక్ష్మి. రాసుకోండ్రి.”

హర్షిత్ అక్కడికక్కడే జేబులోంచి పెన్ను తీసి బహుమతి కాగితం మీద పేరు దిద్దాడు. ఆ తర్వాత కొట్టిన చప్పట్లు యాదలక్ష్మికి వినబడనే లేదు, ఏడుస్తోంది. రచన కూడా ఏడుస్తోంది. ఎవరో బెంగళూరు పెద్దమనిషి వచ్చి, మీరు ఏ దేశపు రంగులు వాడతారమ్మా అని అడిగితే, కళ్లు తుడుచుకుంటూ, “తలుపులకు ఏసే రంగే సార్” అంది.

మర్నాడు పొద్దున రఘుపతి కొలత టేపు పట్టుకుని దుకాణానికి వచ్చాడు. జరిగినదేమీ అతనికి తెలియదు. ఈ గోడకు మిషన్, ఆ మూలకు కంప్యూటర్ అంటూ కొలుచుకుంటూ పోయి, చివరికి వెనక్కి తిరిగాడు.

“ఏమంటవన్నా? వచ్చే వారం దించుదామా?”

పరమేశ్ కుంచెలు కడుగుతున్నాడు. తలెత్తలేదు.

“నన్నడుగుతవేంది? దుకాణం ఆమెది. ఆమెనడుగు.”

రఘుపతి వదినె వైపు తిరిగాడు. ఏ విషయమైనా ఆమెను అడగడం అతనికి అదే మొదలు, ఎలా అడగాలో తెలియక టేపు చుట్టుకుంటూ నిలబడ్డాడు.

“దుకాణం నేనియ్య రఘుపతీ” అంది యాదలక్ష్మి. “ఆదివారం వరకు ఎనిమిది పెట్టెల బొమ్మలొస్తున్నయి. నాకే జాగ సాలదు.”